లారీ డ్రైవరు ఇంటికి ఫోను

వార్త తెల్లారితే పొట్లం కాయితమే. విలేకరి చేతి మీదుగా అలాంటివి వేలు పోయాయి. ఇదొక్కటి మాత్రం పంచెకు పట్టిన ఉత్తరేణి గింజలా నేటికీ వదల్లేదు.

ఆ రాత్రి వాగులో లారీ బోల్తాపడి డ్రైవరు చనిపోయాడు. మోకాళ్లదాకా బురద పట్టిన ఆ శవాన్ని మార్చురీలో కళ్లారా చూసి వచ్చాడు విలేకరి. ఆఫీసు ఖాళీ అయింది. పేజీ అచ్చుకు పోయేలోపు ఇంట్లోవాళ్ల మాట ఒకటి కావాలి. పోలీసులు ఈపాటికి కబురు చెప్పే ఉంటారనుకుని ఫోను చేశాడు.

"అమ్మా, మీ ఆయన సంగతి తెలిసింది..."

"మళ్లీ ఎవరితో గొడవపడ్డారేంటి?" నవ్విందావిడ. "ఇప్పుడే వచ్చారు. పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నారు."

ఫోనులో నీళ్ల చప్పుడు వినిపించింది. చెంబు ముంచడం, పోయడం, మళ్లీ ముంచడం.

డ్రైవరు పేరు, లారీ నంబరు అడిగాడు. రెండూ సరిపోయాయి.

"వచ్చిన దగ్గర్నుంచీ కడుగుతూనే ఉన్నారండీ. ఎంత కడిగినా బురద పోవట్లేదట. పెళ్లినాడు కూడా ఇంత శుభ్రం ఎరగడీ మనిషి!"

విలేకరి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?"

"పాప నిద్రపోతోంది."

"పాపని ఎత్తుకుని వీధిలోకి వచ్చెయ్యి తల్లీ. ఎందుకని అడక్కు."

నీళ్ల చప్పుడు ఆగింది.

"అదుగో, వస్తున్నారు. అదేదో ఆయనకే చెప్పండి."

తడికాళ్ల అడుగులు దగ్గరికొచ్చాయి. ఫోను చేయి మారింది. అవతల ఊపిరి చప్పుడు కూడా లేదు.

"రాసేశారా?" అంది మగగొంతు, చాలా మెల్లగా. "ఈ ఒక్క రాత్రికి ఆపండి. ఇంట్లో ఇంకా చెప్పలేదు."