పై అంతస్తు లైను

కాగితం సిద్ధంగా ఉంది. ఉమాకాంత్ సంతకం ఒక్కటే తక్కువ.

నరహరి దాన్ని దుకాణంలో టేబుల్ మధ్యలో పరిచి, ఫ్యాను గాలికి ఎగరకుండా శానిటైజర్ సీసా బరువు పెట్టాడు. సూరత్ మార్కెట్లో అన్నదమ్ములిద్దరిదీ పద్దెనిమిదేళ్లుగా ఒకటే చీరల దుకాణం. ఈ సంతకం పడితే తమ్ముడికి అందులో వాటా ఉండదు. సాక్ష్యానికి కులపెద్ద దశరథాన్ని పిలిపించాడు. ఆయన తలుపు దగ్గర, ఉమాకాంత్ గోడ దగ్గర కూర్చున్నారు. ఆ ఏడాది మనుషులంతా దూరం దూరంగానే కూర్చుంటున్నారు. ఈ అన్నదమ్ములకు మాత్రం కరోనా రాకముందు నుంచే దూరం.

నేరం డిజైన్ల దొంగతనం. దీపావళికని కంప్యూటర్లో దాచుకున్న రెండు చీరల డిజైన్లు పక్క బజారులో ఇంకొకరి పేరుతో దిగాయి. దుకాణం కంప్యూటర్లోకి బయటి నుంచి వచ్చే దారి ఒక్కటే. ఆ దారికి ఫైర్‌వాల్ పెట్టె కాపలా. ఇంటి నుంచి పనిచేసే వాళ్లందరికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. మనిషికొకటి ఇస్తే ఖర్చని నరహరే వద్దన్నాడు. లాక్‌డౌన్ వచ్చిన నాటి నుంచి ఆయన చెయ్యి బిగిసింది. ఇంట్లో కూడా నెలనెలా వచ్చే బిల్లుల్లో సగం ఆపించాడు.

కనుక పేరును బట్టి దొంగ దొరకడు. ఇంటర్నెట్ లైనును బట్టి దొరకాలి.

ఊళ్లోనే అమ్రోలిలో ఇద్దరిదీ ఒకటే ఇల్లు. కింద నరహరి, పైన ఉమాకాంత్. పై అంతస్తు లైను నుంచి ఎవరైనా దుకాణంలోకి వస్తున్నారేమో చూడమని నెట్‌వర్క్ పని చేసే ఓంప్రకాష్‌ను నరహరి అడిగాడు. ఓంప్రకాష్ అడిగినంత వరకే చూసి జాబితా పంపాడు. రోజూ పొద్దున తొమ్మిదికి రాక, ఒంటిగంటకు పోక. మళ్లీ మూడింటి నుంచి ఎనిమిది దాకా.

జాబితా చూసి నరహరికి ఒళ్లు మండింది. తను ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చునేదీ సరిగ్గా ఆ వేళల్లోనే. తను అన్నానికి లేస్తే దొంగ కూడా అన్నానికి లేస్తున్నాడు. వీపు మీద కూర్చుని చూస్తున్నట్టే లెక్క.

ఈ పొద్దున తొమ్మిది దాటగానే ఇంట్లో కూర్చుని ఆ లైను రాకుండా తన చేత్తోనే అడ్డు పెట్టాడు. బటన్ నొక్కిన మరుక్షణం ఆయన తెరే ఆగిపోయింది. ఎన్నిసార్లు పాస్‌వర్డ్ కొట్టినా పెట్టె పలకలేదు. నౌకర్లు ముట్టుకోకూడదని దుకాణం లోపలి నుంచి దాన్ని తెరిచే దారి ఎప్పుడో మూయించాడు. ఇప్పుడు యజమానికే దారి లేదు.

తలుపు మూస్తే తమ్ముడు తాళమే మార్చేశాడని ఆయనకు అర్థమైంది. అదే మాట దశరథంతో రెండుసార్లు అన్నాడు.

“లాక్‌డౌన్ సంది పొద్దంత వడోద్ బస్తీల మగ్గాల కాడనే ఉంటున్న అన్నా,” అన్నాడు ఉమాకాంత్. “కంప్యూటర్ ముట్టనే లేదు.”

“నువ్వు ముట్టకుంటే నీ లైను దానంతట అదే నడిచొస్తదా? బుద్ధి లేనోనికి చెప్పు గిసొంటి కతలు.”

నరహరి పిలిపించిన ఓంప్రకాష్ పెట్టె వెనక వైరు తగిలించి తన కంప్యూటర్ తెరిచాడు. నల్లటి తెర మీద తేదీలు వరుసగా వచ్చాయి. ఏ రోజు ఏ మార్పు జరిగినా, అంతకుముందున్న అమరికను పెట్టె దాచుకుంటుందని చెప్పాడు. నిన్న సాయంత్రానిది తిరిగి పెడితే దారి తెరుచుకుంటుంది. కాకపోతే పొద్దున పెట్టిన అడ్డు కూడా పోతుంది.

“అంటే వీని లైను గూడ తెరుచుకుంటదా?”

“తెరుచుకుంటది సేఠ్.”

నరహరి ఒక్క క్షణం లెక్క వేసుకున్నాడు. తెరుచుకోనీ. దొంగ ఎదురుగా కూర్చుని ఉండగానే దొంగతనం కూడా కనబడితే, పెద్దమనిషికి ఇంక అనుమానం మిగలదు. నిన్నటిది పెట్టమన్నాడు. ఇంట్లో ఉన్న కూతురు సింధూజకు ఫోన్ చేసి, లాప్‌టాప్ ముందు కూర్చోమని, దుకాణం కంప్యూటర్ తెరుచుకోగానే చెప్పమని పురమాయించాడు.

పెట్టె ఆరి, మళ్లీ వెలిగింది.

అప్పుడు ఓంప్రకాష్ తెర మీద ఒక గీత పచ్చబడింది. దాని పక్కన ‘ఉమాకాంత్ ఇల్లు’ అని ఉంది.

నరహరి కుర్చీ వెనక్కి తోసి లేచాడు. “చూసినవా దశరథం కాకా? జర దగ్గరికొచ్చి చూడు. గిట్ల తెరిచిన్నో లేదో, గట్ల దూరిండ్రు.”

“నేను ఈడనే ఉన్న కద అన్నా,” అన్నాడు ఉమాకాంత్.

“నీ పెండ్లాం ఇంట్ల లేదా? మొగుడు ఈడ సాధువు లెక్క కూసుంటే, ఆమె ఆడ పని నడిపిస్తది.”

దశరథం తెర దగ్గరికి వచ్చి, కళ్లజోడు సర్దుకుని ఆ పేరు చదివాడు. నిట్టూర్చి, ఉమాకాంత్ వైపు చూడకుండానే తల ఊపాడు. నరహరి శానిటైజర్ సీసా తీసి, కాగితాన్ని తమ్ముడి ముందుకు జరిపాడు. దాని మీద పెన్ను పెట్టాడు.

ఉమాకాంత్ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. పెన్ను అందుకున్నాడు. మొదటి అక్షరం పడుతుండగా నరహరి ఫోన్ మోగింది. కూతురే. దుకాణం తనకూ తెరుచుకుందన్న మాట అందరూ వినాలని నరహరి స్పీకర్ నొక్కి, ఫోన్‌ను టేబుల్ మీద పెట్టాడు.

“ఖుల్ గయా, తెరుచుకున్నది బాపూ, మన లైను నువ్వు కట్ చేయించిన కాడి నుంచి దినాం నీ లాప్‌టాప్ నడుస్తున్నది పైన చిన్నమ్మోళ్ల వైఫైతోనే.”