పెచ్చు ఊడిన కూజా

ఆ నల్లమట్టి టీ కూజాను కొట్టేయాలని దర్జీ సోమవారమే తీర్మానించుకున్నాడు. ఆదివారం బావ టీకి వస్తున్నాడు మరి!

తాళాలు బాగుచేసే ఆ బావ, అక్క మొగుడు కాబట్టి పల్లెత్తు మాట అనడానికి లేదు. ఏడాదిగా ఆయన కోతలు విని విని దర్జీకి ఒళ్లు మండిపోతోంది. "బ్లాక్ టీ అంటే మా ఇంట్లోదిరా. మీ ఇంట్లోది గుడ్డలు జాడించిన నీళ్లు" అంటాడు, అదీ పదిమందిలో.

టీ సామాన్ల కొట్టాయన అన్నీ విడమరిచి చెప్పాడు. "స్టీలుది తొందరగా చల్లారిపోతుందండి. పింగాణీది రంగు చూసుకోడానికి బాగుంటుంది. రుచి కావాలంటే మాత్రం మట్టిదే. ఇదుగో, మా తాతగారిది. రోజూ టీ తాగీ తాగీ దీని ఒళ్లంతా టీయే అయిపోయింది. సబ్బు తగలనివ్వను. అమ్మను గాక అమ్మను!"

అందులో దించిన టీ తాగేసరికి దర్జీకి ప్రాణం లేచొచ్చింది.

అచ్చు అలాంటిదే కొత్త కూజా అక్కడే కొన్నాడు. మూడు రోజులు టీపొడి నీళ్లలో ఉడికించి నల్లబరిచాడు. పాతదానికి టీ పోసే కొమ్ము చివర పెచ్చు ఊడి ఉంది కదా, ఆకురాయితో దీనికీ అంతే మేర తీసేశాడు. కొలతల్లో దర్జీని మించినవాడెవడు?

శనివారం కొట్టాయన కప్పుల కోసం లోపలికి వెళ్లి, పాపం, ఎంతసేపటికీ రాలేదు. ఈలోగా కూజాలు తారుమారయ్యాయి.

ఆదివారం బావ ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. "ఒరేయ్, అచ్చం మా ఇంటి టీరా ఇది!"

దర్జీ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఏడాది కసి తీరిపోయింది. అంతలో బావ కూజా అందుకుని, కొమ్ము చివర వేలితో తడిమాడు.

"ఇది నీకెక్కడిదిరా? ఈ పెచ్చు నేనే కదా ఆకురాయితో తీసింది! పోయినేడు దీన్ని ఆ టీ సామాన్ల కొట్లో పెట్టేసి, వాళ్ల తాతది ఎత్తుకొచ్చాను."

దర్జీ నీరుగారిపోయాడు. "అయితే అసలుది మీ ఇంట్లో ఉందా బావా?"

బావ తల గోక్కుంటూ పగలబడి నవ్వాడు. "నేనూ అలాగే మురిసిపోయానురా. తీరా ఇంటికెళ్లి వెలుతురులో చూస్తే, దాని పెచ్చు మీదా ఆకురాయి గీతలే!"