ఆలోచించని చెయ్యి

"నేను లెఫ్ట్ హ్యాండర్‌నా? ఎవరన్నారండీ ఆ మాట?" దామోదర్ రైఫిల్‌ని కౌంటర్ మీద ఠక్కున పెట్టాడు.

గన్ షాపు ఓనర్ రాయ్‌కి డెబ్బై దాటి ఉంటాయి. "ఎవరూ అనక్కర్లేదు సర్. మూడు రైఫిళ్ళు చేతికిచ్చాను, మూడూ ఎడమ భుజానికే ఆనించారు," అన్నాడు నిదానంగా.

దామోదర్ పక్కన నిలబడ్డ అతని భార్య జయంతి తల ఎత్తలేదు. బయట ప్లేనో ఊళ్ళో ఎండ నూట నాలుగు డిగ్రీలు కాస్తోంది. రోజూ బిగించి జడ వేసుకునే మనిషి, ఇవాళ సగం మొహం కప్పేలా జుట్టు వదిలేసుకుని వచ్చింది. దామోదరే అలా వదిలెయ్యమన్నాడు. పొద్దుటినుంచీ ఆమెది ఒకటే మొక్కు. దేవుడా, ఆ తుపాకీ మా ఇంటికి రాకూడదు.

ఇండియన్ల ఇళ్ళలో బంగారం కోసం దొంగలు పడుతున్నారట, అందుకని తుపాకీ ఉండాలట. గ్రీన్ కార్డు వచ్చి నెల తిరగలేదు, అయ్యగారికి వీరత్వం తన్నుకొచ్చింది! జయంతికున్న బంగారమల్లా మెడలో నల్లపూసల గొలుసే. దొంగలంటే ఆమెకి భయం లేదు.

రాయ్ ఒక్కొక్కటే చూపించాడు. "ఇది సెమీ ఆటోమేటిక్. ఎడమ భుజాన పెట్టి కాలిస్తే, పేలిన తూటా తొడుగు వేడివేడిగా మీ మొహం ముందునుంచి ఎగురుతుంది. ఇది బోల్ట్ రైఫిల్. దీని గుండు ఎక్కించే పిడి కుడివైపుంది. ఎడమచేతి వాళ్ళు ప్రతి గుండుకీ చెయ్యి అటు తిప్పి లాక్కోవాలి. ఎడమవైపు పిడి ఉన్నది కావాలంటే ఆర్డర్ పెట్టాలి. రెండు వారాలు పడుతుంది."

రెండు వారాలు! జయంతికి ప్రాణం లేచొచ్చింది.

"లేదంటే ఈ లీవర్ రైఫిల్. మీట కిందుంటుంది గనక ఏ చేతికైనా ఒకటే. ఇవాళే పట్టుకెళ్ళొచ్చు."

ఆమె ప్రాణం మళ్ళీ ఉసూరుమంది.

'ఏ చేతికైనా' అన్న మాట దామోదర్‌కి తలకొట్టేసినట్టయింది. "ఈ రాజీ బేరాలు నాకొద్దు. నాకు రైట్ హ్యాండ్ బోల్టే ఇవ్వండి. రాసేది కుడిచేత్తో, తినేది కుడిచేత్తో. చిన్నప్పుడు ఏదో పుర్రచేతి అలవాటుంటే మా నాన్న బెత్తం పుచ్చుకుని మాన్పించేశాడు. ఆ కథ అప్పుడే అయిపోయింది," అంటూ ఫారం మీద కుడిచేత్తోనే సంతకం గీకాడు.

రాయ్ ఆ ఫారం చూసుకుంటూ, కొనేవాళ్ళ మీద పాత కేసులున్నాయేమో చూసే ప్రభుత్వ ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఐదు నిమిషాల్లో అవతలివాళ్ళు సరే, ఇవ్వొచ్చన్నారు.

"అయిపోయిందిగా! ప్యాక్ చేసెయ్యండి," అన్నాడు దామోదర్.

"వాళ్ళు సరేనన్నా ఆఖరి సరే నాది సర్. నాకు సరిపడకపోతే ఎవరికీ అమ్మను. నలభై ఏళ్ళుగా ఇంతే." రాయ్ రైఫిల్ మీంచి చెయ్యి తియ్యలేదు. "రాయడం, తినడం ఎవరైనా నేర్పిస్తే వస్తాయి. ఆలోచించకుండా వాడేదే అసలు చెయ్యి. అదేదో తెలీకుండా తుపాకీ ఇస్తే గురి తప్పుతుంది, పక్కన ఉన్నవాళ్ళ ప్రాణం పోతుంది. ఇలాంటివి మొగుళ్ళకి తెలీవు, పెళ్ళాలనడగాలి."

నవ్వుతూ జయంతి వైపు తిరిగాడు. "మీరు చెప్పండి మేడమ్. ఆలోచించకుండా ఈయన ఏ చెయ్యి వాడతారు?"

"ఆవిడకి ఇంగ్లీష్ రాదు," దామోదర్ అడ్డొచ్చాడు. పెదాల మీద నవ్వు చెదరకుండా తెలుగులో ఆమెతో అన్నాడు. "రైట్ అని చెప్పు జయంతీ. ఒక్క ముక్క. మిగతాది ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

జయంతి కౌంటర్ మీద నల్లగా పడున్న రైఫిల్ వంక చూసింది. ఇవాళ నోరు పెగలకపోతే ఇంక ఈ జన్మకి పెగలదనిపించింది.

"లెఫ్ట్, సర్," అంది స్పష్టంగా, ఇంగ్లీషులోనే. "నా ఎదురుగా నిలబడినప్పుడు ఎప్పుడూ లెఫ్టే."

ఒక అడుగు ముందుకేసి, మొహం మీద జుట్టు చెవి వెనక్కి తోసింది. కుడి చెంప మీద నాలుగు వేళ్ళూ వాతలు తేలి ఉన్నాయి.