నల్లా కారుతుందట

ఎవరు ఏ కబురు పంపినా అందులోని పనిని ఏరి చేతిలో పెట్టే మిషన్లు అందరి జేబుల్లోకీ వచ్చేశాయి. నల్లాలు బాగుచేసే మొగిలయ్యకు పొద్దంతా పనే, నడుము పడిపోయేది. ఆ రోజు ఆఖరి పని అక్క ఈరమ్మ ఇంట్లో. నల్లా కారుతుందట. ఏడాదిగా పలకరించని అక్క పని పడితే పిలిచిందని ఈసురోమంటూ పోయాడు.

చూస్తే చుక్క కూడా కారడం లేదు.

“ఏందక్కా, నల్లా బాగనే ఉన్నది గద?”

“ఉండక! బాగున్నవా తమ్మీ అని ఎన్నిసార్లు రాస్తి! అండ్ల పని లేదని నీ మిషిను పారేస్తున్నదట. అందుకే ఈసారి నల్లా కారుతున్నదని రాసిన. కూసో, సర్వపిండి చేసిన.”

మొగిలయ్య సంచి దించి, గోడకు ఆనుకుని కాళ్లు చాపాడు. పని అయిందా అని మిషను అడిగింది.

“కాలే,” అన్నాడు. “చాన ఉన్నది.”