వెనక్కి చూడని గుడ్లగూబ

బడి మైదానం మీదికి పొగమంచు దిగింది. చలికాలం కదా, అప్పుడే చీకటి పడిపోయింది. రేపే రిలే పందెం కావడంతో అక్కాచెల్లెళ్లిద్దరే ఇంకా సాధన చేస్తున్నారు. చివరి పరుగు తొమ్మిదో తరగతి చెల్లిది, దానికి ముందుది పదో తరగతి అక్కది. బ్యాటన్ అందుకునేటప్పుడు మెడ తిప్పి చూస్తుందని చెల్లికి జట్టంతా కలిసి గుడ్లగూబ అని పేరు పెట్టింది.

"ఇంకొక్కసారి చూశావో, నీ చోటు వేరేవాళ్లకి ఇచ్చేస్తానన్నారు సారు," అంది అక్క. "చెయ్యి మాత్రమే వెనక్కి పెట్టు. మెడకి మేకు కొట్టేశారనుకో."

"నువ్వు సరిగ్గా తెచ్చివ్వు చాలు, మహాతల్లీ!"

అక్క నవ్వుతూ మంచులోకి వెళ్లిపోయింది. కాసేపటికి వెనుక అడుగుల చప్పుడు మొదలైంది. అది దగ్గరవుతుంటే చెల్లి పరుగందుకుని చెయ్యి వెనక్కి చాచింది. బ్యాటన్ అరచేతిలో పడింది. మంచుగడ్డలా ఉంది. అయినా చూడలేదు. పందెం గెలిచినంత సంబరమేసింది.

అంతలో ఎదురుగా, దూరాన గేటు దగ్గర నుంచి అక్క కేక వినిపించింది.

"ఒసేయ్, ఆగు! బ్యాటన్ బ్యాగులోనే మర్చిపోయాను. తెస్తున్నా!"

బ్యాటన్ ఇచ్చినవాళ్లు అక్కడితో ఆగిపోవాలి. ఈ అడుగులు ఆగలేదు. మెడ మీద చల్లటి ఊపిరి తగులుతోంది. తల తనంతట తానే తిరగబోతే పళ్లు బిగించి ఆపుకుంది. జట్టంతా వెక్కిరించినా వదలని చోటది. ముక్కూ మొహం తెలియనివాళ్లకి జడిసి వదులుకుంటుందా?

"చూడను!" అని అరిచింది. "నువ్వెవరైనా సరే, చేతనైతే నన్ను దాటి ముందుకి రా!"

వెనుక అడుగులు ఒక్క క్షణం తడబడ్డాయి. తర్వాత వేగం పెంచాయి.

చెల్లి కూడా పెంచింది.