కాలవలో కాణీలు

చేతులెత్తమని చైర్మన్ అడగబోతుండగా శశికళ లేచి నిలబడింది.

పక్క కుర్చీలో అత్తగారు నాగమణి, అక్టోబరు చలికే కోటు మీద శాలువా, శాలువా మీద మఫ్లరు చుట్టుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరినీ చూసి నవ్వుతోంది.

1982లో, మసాచుసెట్స్‌లోని ఆ చిన్న ఊరి సిటీ హాల్లో ఆ సాయంత్రం తేలాల్సింది ఒక్కటే. మూతపడ్డ బట్టల మిల్లు ముందు, కాలవ మీదున్న ఇనప వంతెనను ఉంచాలా, కూల్చి పార్కింగ్ లాట్ కట్టాలా? ఉంచాలని పట్టుబట్టినవాడు ఎమిల్ ఒక్కడే. ఆ మిల్లులో నలభై ఏళ్ళు మగ్గాలు నడిపిన ముసలాయన.

ఒకప్పుడు తమ మిల్లుకు ఇండియా పత్తి వచ్చేదని, ఆ బేళ్ళన్నీ ఈ వంతెన మీదుగానే వెళ్ళాయని ఎమిల్ ఏళ్ళ తరబడి చెబుతున్నాడు. చెవిన పెట్టినవాళ్ళు లేరు. పోయిన వారం శుభ్రం చేయడానికని కాలవ నీళ్ళు తీసేస్తే, వంతెన కింద బురదలో మామూలు పెన్నీల మధ్య తొమ్మిది రాగి కాణీలు దొరికాయి. ఈస్టిండియా కంపెనీ నాటివి. అవి ఆ ఇండియా బేళ్ళతో వచ్చినవే అయ్యుంటాయని చైర్మన్ కూడా మెత్తబడ్డాడు.

శశికళకు మాత్రం ఆ రోజు నుంచీ అన్నం సయించలేదు. అత్తగారు వచ్చి మూడు నెలలైంది. వాకింగ్‌కి వెళ్ళినప్పుడల్లా ఆవిడ వంతెన మీద ఆగి, గోదావరి దాటుతున్నట్టే ఓ నాణెం నీళ్ళలో వేసి దండం పెట్టుకోవడం ఇంటి కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఆవిడ పెట్టెలో పాత కాణీల సంచి ఉందనీ తెలుసు. ఇంకేం కావాలి?

"సారీ, ఎమిల్," అంది. "ఆ కాణీలు పాతవే. కానీ కాలవలో పడింది ఈ మధ్యే. మా అత్తగారు వేశారు. మా వైపు నది దాటేటప్పుడు అలా వేస్తారు."

ఎమిల్ కోప్పడలేదు. అరచేతిలోని కాణీలను కాసేపు చూసుకుని, నిజం చెప్పి మంచిపని చేశావన్నాడు. శశికళ వాళ్ళు ఈ ఊరొచ్చిన తొలి చలికాలంలో అడక్కుండానే వచ్చి వాళ్ళ వాకిట్లో మంచు ఎత్తిపోసిన మనిషి. అలాంటివాడి ఆశ తన నోటితోనే తుంచేసినందుకు శశికళకు ఏడుపొచ్చింది.

నాగమణి కోడలి చెయ్యి పట్టి లాగింది.

"అందరూ నావైపు చూస్తున్నారేమిటే? ఏం చెప్పావు?"

కళ్ళు తుడుచుకుంటూ శశికళ జరిగింది చెప్పింది.

"ఓసి పిచ్చిదానా, మా అమ్మ ఇచ్చిన కాణీలు నా పెట్టెలో పదిలంగా ఉన్నాయి కదే," అంది నాగమణి. "నేను వేసినవి అబ్బాయి ఇచ్చిన పెన్నీలు. ఈ ఊరి కాలవకి మన కాణీలు చెల్లుతాయిటే?"