కప్పలు ఊరుకున్న దారి

సముద్రం పక్కనున్న ఆ చిత్తడి నేలలో పొద్దుటి నుంచీ సందర్శకులకు పక్షుల్ని చూపించి చూపించి ఆమె కాళ్లు పీకుతున్నాయి. అందరూ వెళ్లాక, చీకట్లో, చెక్క వంతెన చివరి గేటుకు తాళం వేసి వెనక్కి బయలుదేరింది. వ్యాను నడిపే భర్త ఒడ్డున ఎదురుచూస్తున్నాడు.

రెండు వైపులా కప్పలు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. అడుగుల చప్పుడుకు దగ్గరున్నవి ఊరుకుంటాయి, మనిషి దాటగానే మళ్లీ మొదలెడతాయి. ఆమెకది అలవాటే.

ఈసారి ఆమె దాటాక కూడా అవి నోరెత్తలేదు.

"పక్క దారిలోంచి మీరెందుకొచ్చారండీ? నేనొస్తున్నాగా," అంది వెనక్కి చూడకుండానే.

అంతలో ఒడ్డు మీంచి భర్త హారన్ కొట్టాడు.

ఆమె ఆగిపోయింది. వెనకాల నిశ్శబ్దం మాత్రం ఆగకుండా దగ్గరికొస్తోంది. పరిగెత్తే ఓపిక లేదు. కమ్మీకి ఒదిగి దారిచ్చింది. ఎవరూ కనిపించలేదు. ముందున్న కప్పలు మాత్రం వరసగా ఊరుకుంటూ పోయాయి, ఒడ్డు దాకా.

వ్యాను తలుపు తెరుచుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"హమ్మయ్య, వచ్చావా! ఎక్కెక్కు, నిద్ర ముంచుకొస్తోంది," అంటున్నాడు భర్త.

తలుపు మూసుకుంది. ఆమె గొంతు చించుకుని కేకేసింది. చుట్టూ కప్పలన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి.